డంగార్వన్‌కి మోసుకెళ్ళిన సీటు కవర్లు

ఐర్లండ్‌లో కోటలు ఎలా ఉంటాయో, పచ్చిక ఎంత పచ్చగా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవారికి ఈ వ్యాసం అంతగా పనికిరాదు. కోటలూ పచ్చికా దారిలో ఉన్నాయి, చూశాను. కానీ నేను బయలుదేరింది వాటికోసం కాదు. ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి, "అవును, నేను అబద్ధం చెప్పాను" అని కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోవడానికి. కరోనా వచ్చిన మొదటి ఏడాది, ఆగస్టు నెల. కౌంటీలు దాటనిచ్చి నెలన్నర కూడా కాలేదు.

సిటీవెస్ట్: తగువు ఎక్కడ మొదలైంది

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో కారు మెకానిక్. నాకు పదేళ్ళప్పుడు ఆయన షెడ్డుకి ఒక రైసుమిల్లు యజమాని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నా నడుమెత్తు కూడా లేదు. నాన్న బోనెట్ కింద ఉండగా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆ కారు డ్రైవరు నా చెవి పట్టుకుని కిందికి లాగాడు. "దిగవే. ఇది నీలాంటోళ్ళు కూర్చునే కారా?" అన్నాడు. అతని పేరు కోటయ్య. ఇది జరిగి నలభై ఏళ్ళయింది. పేరెందుకు గుర్తుందంటే, గుర్తుపెట్టుకున్నాను కాబట్టి.

డబ్లిన్ శివార్లలో, సిటీవెస్ట్‌లో కాపురముంటూ పక్కనే టాలట్‌లో ఇరవై ఏళ్ళు నర్సుగా పనిచేశాక, అచ్చం అదే రకం కారు కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే క్లబ్బువాళ్ళు అందులోనూ తప్పు పడతారు. అమ్మినాయన పేరు నోయెల్. డంగార్వన్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఉంటాడు, ఎనభై దాటిన మనిషి. అమ్మేటప్పుడు సీటు మీద చెయ్యివేసి, "అన్నీ పుట్టినప్పటివే. ఈ సీట్లు మా నూలా కుట్టింది" అన్నాడు. నూలా ఆయన భార్య. ఆ రోజు కారు చూసిన సంతోషంలో ఆ మాట పట్టించుకోలేదు.

లాక్‌డౌన్‌లో పాత కార్ల క్లబ్బువాళ్ళు జూమ్‌లో కార్లు పరీక్షించి, ఇది అసలైనదేనని ధ్రువపత్రం ఇస్తామన్నారు. తెర మీదికి వచ్చిన పరీక్షకుడు నన్ను చూసి అడిగిన మొదటి మాట, "మీ హస్బెండ్ ఉన్నారా?" నా పక్కనే ఉన్న మా ఆయన జయరాజు, "ఉన్నానండీ, కానీ కారు ఆవిడది. నాకు టైరు మార్చడం కూడా రాదు" అన్నాడు. ఫోను పట్టుకుని కారంతా చూపించాను. అద్దం మీద ముద్ర ఇంగ్లండుది కాదన్నాడు. రంగు ఏ క్యాటలాగులోనూ లేదన్నాడు. సీట్లు ఎర్రతోలువి ఉండాలి, ఇవి బూడిదరంగు రెక్సిన్‌వి అన్నాడు. "ఇది నాలుగు కార్ల ముక్కలు అతికించింది. పాపం, మిమ్మల్ని ఎవరో మోసం చేశారు" అని నవ్వాడు. పాపం అన్నది ఒక ఎత్తు, నవ్వినది ఇంకొక ఎత్తు.

అప్పుడు గుర్తొచ్చింది నోయెల్ మాట. మా వైపు కొత్త కారు షోరూము నుంచి నేరుగా సీటు కవర్లు కుట్టేవాడి దగ్గరికే వెళ్తుంది. కంపెనీ సీటు ఎలా ఉంటుందో సగంమంది యజమానులకు తెలియదు. ఈయన భార్య కూడా ఇంట్లో మిషను మీద కవర్లు కుట్టేసి ఉంటుంది, వాటినే పుట్టినప్పటివని నాకు అంటగట్టాడు అనుకున్నాను. ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇంకొకటి రాశాను, మొదటిదానికన్నా గట్టిగా. దానికీ రాలేదు. జవాబు రాకపోవడమే జవాబు అనుకున్నాను.

షాపులు తెరవగానే సీట్లకి ఎర్రతోలు వేయించాను. విప్పిన పాత కవర్లను షాపువాడు నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసిచ్చాడు. సంచికి టేపు చుట్టి, తెరవకుండా పక్కన పెట్టాను. సాక్ష్యం మీద చెయ్యి పెట్టకూడదు కదా. నోయెల్ ఎదుటే విప్పాలని నా పట్టు.

కిల్డేర్: ఆగకూడని చోట

మేం బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు కిల్డేర్, లీష్, ఆఫలీ కౌంటీలకు మళ్ళీ తాళం వేశారు. మా దారి మొదటి రెండింటి గుండానే. దాటిపోవచ్చుగానీ ఆగకూడదని నియమం. జయరాజు ప్రార్థన చేశాడు, నేను పులిహోర కట్టాను, బయలుదేరాం.

నేస్ దాటాక కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సరిగ్గా కిల్డేర్ నడిబొడ్డున. అంచుకి తోసి చెవి ఒగ్గాను. ఈ కార్లలో పెట్రోలు పంపు వెనక చక్రం దగ్గర టిక్ టిక్‌మని కొట్టుకుంటూ ఉంటుంది. చప్పుడు లేదు.

లారీలు మీదికొస్తున్నట్టు పోతున్నాయి. ఇంతలో గార్డ్స్ వచ్చారు, ఇక్కడ పోలీసులను అలాగే అంటారు. దిగివచ్చినవాడు కుర్రాడు, మాస్కు గడ్డం కింద ఉంది.

"ఏమైంది సర్ మీ కారుకి?" అని జయరాజుని అడిగాడు.

"కారు నాది కాదండీ. ఆవిడది. ఆవిడ కారు కింద ఉంది."

వంగి చూశాడు. "మేడమ్, ఇక్కడ ఆగకూడదు."

"నేను ఆగలేదు. కారు ఆగింది."

"రూలు అలా చూడదు మేడమ్."

"అయితే రూలుని వచ్చి తొయ్యమనండి. మాస్కు మూతికి పెట్టుకోండి. మార్చిలో మా నర్సులకి చప్పట్లు కొట్టింది ఇందుకేనా?"

మాస్కు పైకి లాక్కున్నాడు. వెనక టేపు చుట్టిన నల్లసంచి కనబడి, "అందులో ఏముంది?" అన్నాడు.

"సాక్ష్యం" అన్నాను.

జయరాజు రెండు చేతులూ ఎత్తి, "సీటు కవర్లు సర్, సీటు కవర్లు! అంతా గ్రాండ్!" అన్నాడు. ఆయనకు ఐర్లండ్ నేర్పిన మొదటి మాట గ్రాండ్, అంటే అంతా బాగానే ఉందని. ఇల్లు కారినా గ్రాండే, జీతం కోసినా గ్రాండే.

నేను చెప్పు తీసి దాని మడమతో పంపుని రెండు దెబ్బలు వేశాను. టిక్ టిక్ మొదలైంది. ఈ వైద్యం నాన్నది. రైసుమిల్లు కారుకి ఆయన ఇదే చేశాడు. ఆ గార్డు అప్పుడైనా నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. "డ్రైవ్ జాగ్రత్త సర్" అన్నాడు, మళ్ళీ జయరాజుతోనే.

కేర్: తొమ్మిది యూరోల భోజనం

సాయంత్రం టిప్పరరీలోని కేర్ చేరాం. నది ఒడ్డున కోట ఉంది, బాగుంది. దారిలో వానకి తడిసి వణుకుతున్నాం, గుడ్డ టాపు సరిగ్గా జయరాజు ఒళ్ళోకే కారింది. వేడిగా టీ తాగుదామని పబ్బుకి వెళ్ళాం.

"భోజనం తీసుకోవాలి" అంది బల్ల దగ్గరి అమ్మాయి. "తొమ్మిది యూరోలకు తక్కువ కాకుండా. గంటా నలభై ఐదు నిమిషాలు కూర్చోవచ్చు."

"మాకు టీ చాలమ్మా."

"అయామ్ సో సారీ. రూలు."

సూపూ బ్రౌన్ బ్రెడ్డూ ఆరున్నర. తొమ్మిది దాటించడానికి మూడు యూరోల చిప్స్. బిల్లు తొమ్మిది దాటితే వైరస్ భయపడి పారిపోతుందా? మా ఊళ్ళో ఆకలి లేదన్నా బలవంతంగా తినిపిస్తారు, అది ప్రేమ. ఇక్కడ ప్రభుత్వం తినిపిస్తోంది. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, బ్రౌన్ బ్రెడ్డు మాత్రం ఎంతో బాగుంది. వెన్నకూడా ఆగకుండా ఇచ్చారు.

బసకు రాత్రికి ఎనభై యూరోలు. ఇంటావిడ తలుపు దగ్గరే, "ఏం పనిచేస్తారు?" అని అడిగింది. చెప్పాను. ఒక అడుగు వెనక్కి వేసింది. "నర్సని ముందే చెప్పాల్సింది, లవ్" అంది, ఇక్కడివాళ్ళ ముద్దుపిలుపుతో. పైన ఇస్తానన్న గది మానేసి, పెరటి వైపు విడిగా ఉన్న గది ఇచ్చింది. పొద్దున ఫలహారం కాగితపు సంచిలో గుమ్మం బయట పెట్టింది. అందులో రెండు స్కోన్లు, అంటే బన్నుల్లాంటివి, ఎక్కువున్నాయి.

"చూడు, ఎంత మంచావిడో" అన్నాడు జయరాజు.

"మంచిదైతే లోపలికి రమ్మనేది."

"సుజా, నీ దగ్గర స్కోను కూడా ముద్దాయే" అని నాది కూడా తినేశాడు.

పాస్కల్ షెడ్డు

పొద్దున పంపు మళ్ళీ మొరాయించింది. ఈసారి చెప్పుకి లొంగలేదు. వీధి చివర పాస్కల్ అనే ముసలి మెకానిక్ షెడ్డు ఉంది. లోపల వాసన అచ్చం ఆటోనగరే. అతను నా భర్త వైపు చూడలేదు. "స్పానర్ నీకా, నాకా?" అని నన్నే అడిగాడు. ఈ ప్రయాణంలో నన్ను మొదటి మాటలోనే గౌరవించినవాడు అతనొక్కడే.

పంపు పాయింట్లు, అంటే కరెంటు తగిలే మొనలు, అరగదీస్తూ మధ్యలో తలెత్తి, ముందు అద్దం మూలనున్న ముద్రని వేలితో తుడిచాడు. "ఓహో, మనదే!" అన్నాడు.

"మనదేమిటి? ఇంగ్లండుది."

"పుట్టింది ఇంగ్లండులో. బిగించింది డబ్లిన్‌లో."

నాకు కోపం వచ్చింది. ఇంత కాలం ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. పాస్కల్ చెప్పినదంతా ఇక్కడ కుదించి రాస్తున్నాను. యుద్ధం అయ్యాక ఇంగ్లండు అప్పుల్లో ఉంది. కార్లు పైదేశాలకు అమ్మేవాళ్ళకే అక్కడి ప్రభుత్వం ఉక్కు ఇచ్చేది. ఇంగ్లండులో ఉన్న అమెరికా సైనికులు ఈ చిన్న రెండు సీట్ల కార్ల మీద మనసుపడ్డారు. అందుకని కంపెనీలు వాటిని చేసి ఓడలకొద్దీ అమెరికా పంపాయి. కొత్తగా తయారుచేసే స్తోమత లేదు గనక, సంసారుల కారు నుంచి ఇంజను, ఇంకొకదాని నుంచి ఇరుసు తెచ్చి, పైన అందమైన రేకు తొడిగారు. అంటే ఈ జాతి కారు పుట్టుకతోనే అతుకుల బొంత. దాన్ని పట్టుకుని నాలుగు కార్ల ముక్కలని నవ్వాడు ఆ క్లబ్బు పెద్దమనిషి!

ఇక ఐర్లండ్ సంగతి. తయారైన కారు తెస్తే పన్ను మోత. విడిభాగాలుగా చెక్కపెట్టెల్లో తెచ్చి ఇక్కడి మనుషులచేత బిగిస్తే తక్కువ. పైగా అద్దాలు, టైర్లు, బ్యాటరీ, రంగు, వీలైనంతవరకు ఇక్కడివే వాడాలి. మద్రాసులోనూ ఒకప్పుడు బ్రిటిష్ కార్లను ఇలాగే పెట్టెల్లో తెచ్చి బిగించేవారని నాన్న చెప్పేవాడు. ఆ ముక్క నాకే తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

"సరే, అద్దం ఒప్పుకుంటాను. రంగూ ఒప్పుకుంటాను" అన్నాను. "సీట్ల మాటేమిటి? వాళ్ళావిడ కుట్టిందని ఆయనే చెప్పాడు."

పాస్కల్ పాయింట్లు పక్కన పెట్టాడు. "ఎక్కడ కుట్టింది?"

"ఇంట్లో. ఇంకెక్కడ?"

"అడిగావా?"

నేను వంగి కిందపడిన నట్లు ఏరడం మొదలుపెట్టాను.

"డంగార్వన్ నలభై మైళ్ళు కూడా ఉండదు. వెళ్ళి అడుగు" అన్నాడు. పంపు మళ్ళీ కొట్టుకోవడం మొదలయ్యాక డబ్బు ఇవ్వబోతే, టేపు సంచి వైపు చూసి, "అది అయ్యాక తిరుగుదారిలో ఇవ్వు" అన్నాడు.

కొండదారి

కేర్ నుంచి క్లోహీన్ మీదుగా లిస్మోర్‌కి కొండదారి. ఆగస్టులో కొండంతా ఊదారంగు హెదర్ పూలు. మలుపులో గొర్రెలు రోడ్డు మీద పడుకుని హారను కొట్టినా లేవలేదు. కింద మైదానమంతా ఎండలో ఆరేసిన దుప్పట్లలా కనబడింది. జయరాజు పులిహోర డబ్బా తెరిచాడు. రెండో రోజు పులిహోర మొదటి రోజుదానికన్నా బాగుంటుంది.

"నోయెల్ చెప్పింది నిజమైతే?" అన్నాడు, నోట్లో ముద్దతో.

"నిజమైతే ఉత్తరానికి జవాబు రాసేవాడు."

"ఉత్తరాలు ఎప్పుడు రాశావు?"

"మొదటిది మార్చి చివర. రెండోది ఏప్రిల్‌లో."

జయరాజు వృద్ధాశ్రమంలో కేరరు, ముసలివాళ్ళను చూసుకునే పని. ఏప్రిల్ అనగానే నమలడం ఆపాడు. ఆ నెలలో తన వార్డులో ఎన్ని మంచాలు ఖాళీ అయ్యాయో ఆయన ఇప్పటికీ నాకు చెప్పలేదు. డబ్బా మూత పెట్టేశాడు. 

డంగార్వన్: గేటు దగ్గర

నోయెల్ ఇల్లు సముద్రానికి ఎదురుగా, చిన్న గోడా ఇనుప గేటూ ఉన్న ఇల్లు. కారు చప్పుడుకే తలుపు తెరుచుకుంది. పోయినసారి చూసినప్పటికన్నా సగమయ్యాడు. గుమ్మంలోనే నిలబడి చెయ్యి అడ్డం పెట్టి, "అక్కడే, మిసెస్. డాక్టరు ఎవరినీ రానివ్వొద్దన్నాడు" అన్నాడు.

దారంతా వల్లెవేసిన మాటలు నా దగ్గరున్నాయి. సంచి గోడ మీద పెట్టాను. "ఇవి మీ సీటు కవర్లు. పుట్టినప్పటివన్నారు. ఎక్కడ కుట్టారో చెప్పండి."

ఆయన కారు వైపు చూశాడు. తెరిచిన టాపులోంచి ఎర్రతోలు మెరుస్తోంది.

"విప్పించేశావా?" అన్నాడు.

"అవి తప్పని చెప్పారు."

"ఎవరు?"

"క్లబ్బువాళ్ళు."

"క్లబ్బువాళ్ళు డబ్లిన్ ఫ్యాక్టరీలో నా పక్కన పనిచేశారా?" మొదటిసారి గొంతు పెంచాడు. "నేను పెట్టెలు విప్పి బాడీలు బిగించేవాణ్ణి. సీట్ల విభాగంలో ఆరుగురు ఆడపిల్లలు. మూలమిషను నూలాది. ఆ కారు సీట్లు ఆ మిషను మీద కుట్టింది. మాకు అప్పటికి పెళ్ళి కాలేదు. ఏళ్ళ తర్వాత ఒక వేలంలో ఈ కారు కనబడితే అందుకే కొన్నాం."

నేను వెనక్కి జరిగాను. ఆయన నెమ్మదిగా గోడ దాకా వచ్చి, టేపు గోటితో లాగి, బూడిదరంగు కవరొకటి తీసి లోపలివైపుకి తిప్పాడు. కుట్టు పక్కన ఇంకు పెన్సిలు అంకెలు, ఊదాగా అలుక్కుపోయి. 417. పక్కన చిన్న 'ఎన్'.

"బోనెట్ ఎత్తు. ప్లేటు మీద చివరి మూడంకెలు చదువు" అన్నాడు.

ఎత్తనక్కర్లేదు. ఆ ప్లేటుని ఫొటో తీసి క్లబ్బుకి పంపింది నేనే. నాలుగు, ఒకటి, ఏడు. మెకానిక్ కూతురిని, సాక్ష్యం అంటూ ఆరు వారాలు సంచికి టేపు చుట్టి దాచాను గానీ, ఒక్కసారి తిప్పి చూడలేదు.

"మేడమ్ లోపల ఉన్నారా?" అన్నాడు జయరాజు, జవాబు తెలిసిన గొంతుతో.

"ఏప్రిల్‌లో పోయింది. వృద్ధుల హోములో. కిటికీలోంచి చూశాను. సమాధి దగ్గర పదిమంది, అంతే."

జయరాజు తల వంచుకున్నాడు. సారీ అనే మాట ఈ దేశంలో నేను రోజుకి వందసార్లు వింటాను, పబ్బు పిల్ల నుంచి బస్సు డ్రైవరు దాకా అంటారు. అందుకే ఆ మాట వాడబుద్ధి కాలేదు. "తప్పు నాది" అన్నాను. "మీరు నిజం చెప్పారు. నేను మిమ్మల్ని అబద్ధాలకోరన్నాను."

ఆయన లోపలికి వెళ్ళాడు. తలుపు వేసుకుంటాడనుకున్నాను. వంటింటి ప్రెస్, అంటే అలమర, తెరిచిన చప్పుడైంది. ఒక ఉత్తరం కవరు తెచ్చి గోడ మీద పెట్టాడు. నా చేతిరాతే. అంటించింది అంటించినట్టే ఉంది.

"మొదటిది చదివాను. ఇది ఆమెను పూడ్చిన రోజు వచ్చింది. తెరవలేదు. నువ్వే తీసుకుపో." ఒక క్షణం ఆగి, "మొదటిదానికన్నా చెడ్డదా?" అన్నాడు.

"చాలా."

నవ్వాడు. నేను ఆ కవరుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను.

"రెండు సీటు కవర్లూ మీవే. ఉంచుకోండి" అన్నాను.

"కారుది కారుకే ఉండాలి." అని మళ్ళీ ఆలోచించాడు. "ఎడమది ఇవ్వు. నూలా అటు కూర్చునేది. కుడిది దానికి తొడుగు. ఎలాగో చెబుతాను."

మధ్యాహ్నమంతా ఆ గేటు బయట రోడ్డు మీద డ్రైవరు సీటు విప్పి ఎర్రతోలు ఒలిచాను. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని రెండు మీటర్ల అవతలి నుంచి అరుస్తూనే ఉన్నాడు. "ముందు మూల లాగు! అంతలా కాదు, అమ్మాయ్, కుట్టు తెగుతుంది! నూలా చూస్తే చేతిమీద కొట్టేది!" క్లిప్పులు ఆయన తెచ్చి గోడ మీద పెట్టాడు, జయరాజు సానిటైజరు రాసి నాకు అందించాడు. రెక్సిన్ యాభై ఏళ్ళ తర్వాత కూడా చట్రం మీద చేతితొడుగులా కూర్చుంది. ఒక్క మడత లేదు. నన్ను తిట్టినవాళ్ళను నేను మరిచిపోను. ఆ రోజు ఆయన తిట్టిన తిట్లు కూడా మరిచిపోను, కానీ అవి వేరే చోట దాచుకున్నాను.

మళ్ళీ సిటీవెస్ట్

తిరుగుదారిలో పాస్కల్‌కి డబ్బిచ్చాను, చిల్లర తీసుకోనన్నాడు. కిల్డేర్‌లో ఈసారి కారు ఆగలేదు, కాబట్టి గార్డూ ఆగలేదు. జయరాజు ఎర్రతోలు సీటు మీద, నేను బూడిదరంగు సీటు మీద కూర్చుని ఇంటికొచ్చాం.

కారు పుట్టుక మొత్తం రాసి, ఇంకు పెన్సిలు అంకెల ఫొటోతో క్లబ్బుకి పంపాను. మూడో రోజు పరీక్షకుడి జవాబు వచ్చింది. జయరాజు పేరు మీద వచ్చింది. ఆసక్తికరంగా ఉందిగానీ కుడి ఎడమ సీట్లు ఒకలా లేవు గనక ధ్రువపత్రం ఇవ్వలేమన్నాడు.

నేనే జవాబు రాశాను. "కారు నాది. ఉత్తరం నాకు రాయండి. ధ్రువపత్రం మీ దగ్గరే ఉంచుకోండి. కుడి సీటు డబ్లిన్‌లో నూలా అనే ఆవిడ కుట్టింది. ఎడమ సీటు కవరు డంగార్వన్‌లో ఆవిడ భర్త దగ్గర ఉంది. నమ్మకం కుదరకపోతే వెళ్ళి చూసుకోండి. గేటు బయటే నిలబడాలి."

ఇంకా ఏ జవాబూ రాలేదు. ఈసారి దాన్ని జవాబు అనుకోవడం లేదు. వారం ఆగి ఫోన్ చేస్తాను.